తమ్ముడూ, ఏటీఆర్ ఆఫర్ వదులుకోకు

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చి, 200 గంటలు ఎగిరిన అనుభవంతో గుణుపూర్‌లో ఖాళీగా ఉన్నానన్నావు. ప్రాంతీయ సంస్థ ఇచ్చిన ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) పైలట్ ఉద్యోగంలో చేరాలా, చవక ఎయిర్‌లైన్‌లో ఏ320 (పెద్ద జెట్ విమానం) కోసం ఆగాలా అని కదా నీ ప్రశ్న? చేరిపో.

కెప్టెన్ అవ్వాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్స్ కావాలి, దానికి 1500 గంటలు ఎగరాలి. ఏటీఆర్ మీద ఎగిరినవీ అందులో లెక్కే. పైగా చెయ్యి బాగా తిరుగుతుంది. ఏటీఆర్ 72లో ఇంజిన్ పవర్‌ని తానే సర్దే ఆటోథ్రాటిల్ ఉండదు, పవర్ లివర్ల మీద నీ చెయ్యే ఉండాలి. 25,000 అడుగులు దాటి ఎక్కదు కాబట్టి, జూలైలో మన కొండల మీద ఉరుము మబ్బు కమ్మితే పైనుంచి దాటలేవు, పక్కనుంచి దారి వెతుక్కోవాలి. అలసట మాత్రం ఉంటుంది, మొదటి ఏడాది నేను సెలవుకి రాయగడ వస్తే, అమ్మ అన్నం కలిపేలోపే కునుకు పట్టేసేది.

జీతం ఏ320లోనే ఎక్కువ, కాదనను. తర్వాత అటు మారాలంటే మళ్ళీ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపేందుకు శిక్షణ, అనుమతి), మళ్ళీ లక్షలు. ఇండిగోలో 2017 నుంచి రెండు రకాలూ ఉన్నాయి, అలాంటి చోట అవకాశం వస్తే, ఏటీఆర్ నుంచి ఏ320కి మారే నియమం ఏంటో అడుగు.

ఇన్నేళ్లు మానకుండా పనిచేస్తానని రాసిచ్చే బాండ్‌తో మాత్రం జాగ్రత్త. నేను చదవకుండా సంతకం పెట్టి చాలా నలిగాను. ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నెలకు ఎన్ని గంటల జీతం గ్యారంటీ, ఇవి కాగితం మీద చూశాకే సంతకం. అర్థం కాని చోటు ఉంటే ఇక్కడే రాయి, కూర్చుని చదువుదాం.