గొడవ ఎక్కడ మొదలైంది? ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు మేనేజర్ బిల్లీ మార్టిన్‌కీ, ఆ జట్టు పెద్ద ఆటగాడు రెజీ జాక్సన్‌కీ జరిగిన గొడవ మీద తెలుగులో ఇంత ఓపిగ్గా రాసినవాళ్లు నాకు తగల్లేదు. ఎడిసన్‌లో ఉంటూ వేసవి వస్తే రైలెక్కి యాంకీ స్టేడియానికి పోయేవాడివి కదా, ఆట నీకు ఒంటబట్టింది. పొగడ్త ఇంతటితో చాలు. నువ్వు అడిగింది లోపాలు చెప్పమని.

పెద్ద లోపం ఒకటుంది, మిగతావన్నీ దాన్నుంచి పుట్టినవే. టీవీ కెమెరాకి గొడవ ఎక్కడ దొరికిందో నువ్వూ అక్కడే మొదలుపెట్టావు. 1977 జూన్ 18, శనివారం, బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్, దేశమంతా చూస్తున్న ఆట. ఆరో ఇన్నింగ్‌లో బోస్టన్ ఆటగాడు జిమ్ రైస్ బ్యాట్ పూర్తిగా ఊపకుండానే బంతి తగిలి మెల్లిగా రైట్ ఫీల్డ్‌లో పడింది. జాక్సన్ దాని దగ్గరికి తీరుబడిగా వెళ్లాడు, ఈలోగా రైస్ రెండో బేస్‌కి చేరిపోయాడు. బంతి విసిరే పిచర్ మైక్ టోరెజ్‌ని మార్చడానికి మైదానంలోకి వచ్చిన మార్టిన్, పనిలో పనిగా పాల్ బ్లెయిర్ అనే ఇంకో ఆటగాడిని రైట్ ఫీల్డ్‌కి పంపి జాక్సన్‌ని బయటికి రప్పించాడు. మైదానం అంచున జట్టు కూర్చునే డగౌట్‌లో ఇద్దరూ కొట్టుకునేంత పని చేశారు. 49 ఏళ్ల మేనేజర్‌ని జట్టు కోచ్‌లు ఎల్‌స్టన్ హోవార్డ్, యోగి బెర్రా పట్టుకుని ఆపారు. యాంకీస్ ఆ ఆట 10-4తో ఓడిపోయింది.

ఇదంతా నువ్వు బాగానే రాశావు. కానీ బేస్‌బాల్ చూడని తెలుగు పాఠకుడికి ఇందులో అంత అవమానం ఏముందో అందదు. నువ్వు గ్రెగ్ చాపెల్, గంగూలీల పోలిక తెచ్చి ఆ ఖాళీ పూడ్చబోయావు. 2005లో చాపెల్ బోర్డుకి రాసిన ఈమెయిల్ బయటికి పొక్కడం, గంగూలీ కెప్టెన్సీ పోవడం, తర్వాతెప్పుడో మన హైదరాబాదీ లక్ష్మణ్ ఆత్మకథలో చాపెల్‌ని గట్టిగా విమర్శించడం మనవాళ్లకి తెలిసిన సంగతులే. అయినా ఆ పేరా తీసెయ్. క్రికెట్‌లో కోచ్ ఎంతటివాడైనా ఆట నడుస్తుండగా ఫీల్డర్‌ని బయటికి రమ్మనలేడు, మైదానంలో మాట కెప్టెన్‌ది. బేస్‌బాల్‌లో మేనేజర్ ఆటగాళ్లలాగే యూనిఫాం వేసుకుని డగౌట్‌లో కూర్చుంటాడు. ఎవరు ఎన్నో స్థానంలో బ్యాటింగ్ చేయాలో, ఎవర్ని ఎప్పుడు మార్చాలో ఆయనే తేలుస్తాడు. ఒకసారి బయటికి వచ్చినవాడికి ఆ ఆటలోకి మళ్లీ ప్రవేశం లేదు. అందులోనూ దెబ్బ తగలని ఫీల్డర్‌ని ఇన్నింగ్ మధ్యలో మార్చడం మామూలుగా జరగదు. ఈ నాలుగు సంగతులూ సన్నివేశానికి ముందే పాఠకుడి చేతిలో పెట్టు. అప్పుడు బ్లెయిర్ పరిగెత్తుకు రావడం చూడగానే వాడికే గుండె గుభేలుమంటుంది, నువ్వు 'ఘోర అవమానం' అని రాయక్కర్లేదు.

డగౌట్‌లో వాళ్లిద్దరి నోటా నువ్వు ఏడెనిమిది వాక్యాల సంభాషణ పెట్టావు. అది ఎవరు విన్నారు? టీవీకి చిక్కింది బొమ్మ మాత్రమే. తర్వాత ఇద్దరూ ఆత్మకథలు రాసుకున్నారు, ఎవరి న్యాయం వాళ్లు చెప్పుకున్నారు. కథ రాస్తే సంభాషణ నీ ఇష్టం. వ్యాసం రాస్తే మాత్రం కళ్లకి కనబడినదాన్నే నమ్ముకో. జాక్సన్ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు చూడు, అది చాలు. మార్టిన్‌ని పట్టుకున్న హోవార్డ్ ఎవరు? 1955లో యాంకీస్ తరఫున ఆడిన మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు. ఆ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నువ్వు అల్లిన ఏడెనిమిది వాక్యాలూ ఈ ఒక్క దానికి సరితూగవు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ గొడవ ఫెన్‌వేలో పుట్టలేదు. నన్నడిగితే 1975 డిసెంబర్ 23న పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఇచ్చిన తీర్పులో పుట్టింది. అంతకుముందు ఆటగాడి ఒప్పందంలో ఒక షరతు ఉండేది. గడువు తీరినా క్లబ్బు తనంతట తాను ఏడాది పొడిగించుకోవచ్చు, దాన్నే ఏటేటా వాడుకుంటూ ఆటగాడిని ఎప్పటికీ కట్టిపడేయొచ్చు. ఆ పొడిగింపు ఒక్క ఏడాదికే చెల్లుతుందని సైట్జ్ అన్నాడు. మెస్సర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్లకి విడుదల దొరికింది, ఆ దారిలో మిగతావాళ్లకీ దొరికింది. మరుసటి ఏడాది చివర్లో జాక్సన్ తన ఇష్టప్రకారం యాంకీస్‌కి వచ్చాడు. ఐదేళ్లకి దాదాపు 30 లక్షల డాలర్లు.

దీంతో ఏం మారిందో ఆలోచించు. మేనేజర్ దగ్గర అప్పటిదాకా ఉన్న బెత్తం ఒకటే, భయం. మాట వినకపోతే కూర్చోబెడతాను, అమ్మించేస్తాను, నీ బతుకు నా చేతిలో ఉంది. తనకంటే ఎన్నో రెట్లు జీతం తీసుకునేవాడు, యజమాని స్వయంగా వెంటపడి తెచ్చుకున్నవాడు ఆ బెత్తానికి ఎందుకు భయపడతాడు? మార్టిన్ అడిగింది జాక్సన్‌ని కాదు, జో రూడీ అనే ఇంకో ఆటగాడిని. యజమాని జార్జ్ స్టైన్‌బ్రెన్నర్ ఆ మాట చెవిన పెట్టలేదు. ఆ చలికాలంలో జాక్సన్‌ని '21' క్లబ్బు అనే రెస్టారెంట్‌కి భోజనాలకి తిప్పుతూ తనని ఒక్కసారీ పిలవలేదని మార్టిన్ తర్వాత వాపోయాడు. మన పెళ్లిళ్లలో విస్తరి దగ్గరికి పిలవలేదని ఏళ్ల తరబడి మాట్లాడుకోని బావమరదుల్ని చూసినవాడివి, నీకు ఇది విడమర్చి చెప్పాలా? 1964 తర్వాత యాంకీస్‌కి మళ్లీ లీగ్ టైటిల్ తెచ్చింది 1976లో మార్టినే. ఆ వెంటనే ఈ పిలవకపోవడం.

నువ్వు మార్టిన్‌ని తాగుబోతుగా, జాక్సన్‌ని అహంకారిగా చూపించావు. నిజమే, మార్టిన్ తాగేవాడు, కొట్లాడేవాడు. మిన్నెసోటా జట్టుకి మేనేజర్‌గా ఉండగా 1969లో తన పిచర్ డేవ్ బాస్‌వెల్‌నే కొట్టాడు. 1985లో ఇంకో పిచర్ ఎడ్ విట్సన్‌తో కలబడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అయితే 'తాగుబోతు' అని రాయగానే పాఠకుడు ఆలోచించడం మానేస్తాడు. ఈ మనిషి మేనేజర్ అంటే ఏమనుకున్నాడో చూడు. బర్కిలీలో పేదరికంలో, తండ్రి వదిలేసిన ఇంట్లో పెరిగాడు. కేసీ స్టెంగెల్ అనే మేనేజర్ చేరదీస్తే ఆయన్ని తండ్రిలా భావించాడు. 1957 మేలో కోపాకబానా నైట్‌క్లబ్బులో జరిగిన గొడవ తర్వాత యాంకీస్ అప్పటికి ఆటగాడైన మార్టిన్‌ని కాన్సస్ సిటీ జట్టుకి మార్చేస్తే, స్టెంగెల్ అడ్డుపడలేదన్న కోపంతో ఏళ్ల తరబడి ఆయనతో మాట్లాడలేదు. మేనేజర్ అంటే తండ్రి అనుకున్నవాడికి, తండ్రే వదిలేశాడన్న గాయం. అలాంటివాడి దగ్గరికి ఒక ఒప్పందం చేతిలో పట్టుకుని జాక్సన్ వచ్చాడు.

జాక్సన్ వైపు కూడా అంతే లోతుగా తవ్వు. 1967లో కుర్రాడిగా అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో కింది స్థాయి ఆట అయిన మైనర్ లీగ్ ఆడాడు. నల్లవాడని హోటళ్లలో తిననిచ్చేవాళ్లు కాదు, ఉండటానికి గది దొరికేది కాదు. 2024 జూన్‌లో అక్కడి రిక్‌వుడ్ ఫీల్డ్‌లో జరిగిన ఆట సందర్భంగా ఆయన ఈ సంగతులన్నీ టీవీలో చెప్పాడు, ఆ రికార్డింగ్ వెతికి చూడు. అప్పటి మేనేజర్ జాన్ మెక్‌నమారా, ఇతనికి పెట్టని చోట జట్టంతా తినదని లేచి వచ్చేసేవాడట. తమ ఇంట్లో సోఫా మీద పడుకోనిచ్చిన సహ ఆటగాళ్లలో ఒకడు ఎవరో తెలుసా? జో రూడీ. తొమ్మిదేళ్ల తర్వాత మార్టిన్ ఎవరిని కావాలన్నాడో ఆ రూడీయే. ఇలాంటిది నేను కల్పించి రాస్తే అతికించినట్టుందని నువ్వే అంటావు. నిజంగా జరిగింది కాబట్టి రాయడానికి మొహమాటపడకు, కాకపోతే దాని పక్కన 'విధి వైచిత్రి' అని మాత్రం రాయకు.

ఫెన్‌వే ఆట అయ్యాక ఆ రాత్రి హోటల్ గదిలో జాక్సన్ విలేకరులతో మాట్లాడుతూ తన రంగు ప్రస్తావన తెచ్చాడు. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో, అదీ సాకు వెతుక్కున్నట్టుగా దాటేశావు. మెక్‌నమారా సంగతి తెలిసినవాడు అలా దాటలేడు. మేనేజర్ అనేవాడు తన పక్కన నిలబడితే ఎలా ఉంటుందో జాక్సన్‌కి తెలుసు, అందుకే నిలబడనివాడు వెంటనే కనబడిపోయాడు. అలాగని మార్టిన్ చేసింది జాత్యహంకారమేనని నువ్వు తీర్పు రాసేయడమూ తొందరపాటే. జాక్సన్ స్థానంలోకి వచ్చిన బ్లెయిర్ కూడా నల్లవాడే.

యాంకీస్ కెప్టెన్ థర్మన్ మున్సన్ గురించి నువ్వు రాసిన రెండు పేజీలు సగం చేయొచ్చు. ఈ జట్టుని నడిపే సత్తా తనదేననీ మున్సన్‌ది కాదనీ జాక్సన్ అన్నట్టు 1977 వసంతంలో ఒక పత్రికలో వచ్చింది, తాను అలా అనలేదని జాక్సన్ అంటూనే ఉన్నాడు, డ్రెస్సింగ్ రూమ్ మాత్రం అతనికి మొహం చాటేసింది. ఇంత చెబితే సరిపోతుంది.

బ్యాటింగ్ వరస గురించి మాత్రం పెంచి రాయి, అక్కడ సరుకుంది. నాలుగో స్థానం అంటే ముందు ముగ్గురు బేస్‌ల మీదికి చేరితే వాళ్లని ఇంటికి, అంటే హోమ్ బేస్‌కి చేర్చి పరుగులు తెచ్చేవాడిది, జట్టులో పెద్ద హిట్టర్‌ది. మార్టిన్ ఆ స్థానం జాక్సన్‌కి నెలల తరబడి ఇవ్వలేదు. డగౌట్ గొడవలాగా ఇది ఎవరికీ కనబడదు, రోజూ గోడకి అంటించే కాగితం మీద ఒక పేరు నాలుగో వరసలో ఉండదు, అంతే. ఆగస్ట్ 10న మార్టిన్ దిగివచ్చి ఆ స్థానం ఇచ్చాడు. అక్కణ్ణుంచి చివరి 53 ఆటల్లో యాంకీస్ 40 గెలిచింది. గెలుపంతా ఆ ఒక్క మార్పు వల్లేనని రాయకు. తేదీ, అంకెలు పక్కపక్కన పెట్టి ఊరుకో.

అక్టోబర్‌లో లీగ్ టైటిల్ కోసం కాన్సస్ సిటీతో నిర్ణాయక ఐదో ఆట. ఎదుటి పిచర్ ఎడమచేతివాడు, జాక్సన్‌దీ ఎడమచేతి బ్యాటింగే, అలాంటి పిచర్ ముందు అది కష్టమని మార్టిన్ జాక్సన్‌ని పక్కన కూర్చోబెట్టాడు. ఆ మాట తనే చెప్పకుండా జాక్సన్‌తో స్నేహంగా ఉండే సహ ఆటగాడు ఫ్రాన్ హీలీ చేత చెప్పించాడు. ఎనిమిదో ఇన్నింగ్‌లో జాక్సన్ వేరొకరి బదులు బ్యాటింగ్‌కి దిగి ఒక పరుగు తెప్పించాడు, జట్టు 5-3తో గెలిచింది. అక్టోబర్ 18న డాడ్జర్స్ జట్టు మీద ఛాంపియన్‌షిప్ పోరు అయిన వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో జాక్సన్ మూడు హోమ్ రన్లు (బంతి కంచె దాటే దెబ్బలు) కొట్టాడు. ముగ్గురు వేర్వేరు పిచర్లు, మూడుసార్లూ మొదటి బంతే. నువ్వు ఈ ఆటని నాలుగు పేరాలు రాసి, హీలీ సంగతి ఎగరగొట్టావు. నేనైతే తిరగేస్తాను. హోమ్ రన్లు ఎవరైనా యూట్యూబ్‌లో చూసుకుంటారు. చెప్పడానికి మొహం చెల్లక మధ్యవర్తిని పంపిన మేనేజర్ యూట్యూబ్‌లో దొరకడు.

నీ ముగింపు 'ఐకమత్యమే మహాబలం'. తమ్ముడూ, ఈ కథకి అంతకన్నా అన్యాయమైన ముగింపు ఉండదు. వీళ్లు కలవకుండానే గెలిచారు! జాక్సన్ అంతకుముందు ఆడిన ఓక్లండ్ జట్టు ఇంకా ఘోరం. 1974లో అతనికీ బిల్లీ నార్త్‌కీ జరిగిన కొట్లాటని విడదీయబోయి క్యాచర్ రే ఫాసీ మెడకి దెబ్బ తగిలించుకున్నాడు. ఆ జట్టు 1972, 73, 74ల్లో వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచింది. దీనికి నీ దగ్గర జవాబు లేకపోతే లేదని ఊరుకో, సామెత తెచ్చి అతుకు వేయకు.

పైగా కథ 1977తో ఆగలేదు. 1978 జూలై 17న కాన్సస్ సిటీతో ఆటలో మార్టిన్ జాక్సన్‌కి మొదట బంట్ చేయమని, అంటే బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లిగా తాకించమని సైగ చేసి, తర్వాత వద్దన్నాడు. జాక్సన్ వినకుండా బంట్‌కే ప్రయత్నించి అవుటయ్యాడు. ఐదు ఆటల సస్పెన్షన్. అది ముగిసి అతను తిరిగొచ్చిన రోజే, జూలై 23న, షికాగో విమానాశ్రయంలో మార్టిన్ విలేకరుల ముందు నోరు జారాడు. ఇద్దరిలో ఒకడు పుట్టు అబద్ధాలకోరు, ఇంకొకడు శిక్షపడ్డవాడు అన్నాడు. మొదటిది జాక్సన్‌కి, రెండోది స్టైన్‌బ్రెన్నర్‌కి. నిక్సన్ ఎన్నికల విరాళాల కేసులో యజమాని నేరం ఒప్పుకున్నవాడు, అందుకే ఆ మాట అంత గుచ్చుకుంది. మర్నాడు మార్టిన్ ఏడుస్తూ రాజీనామా చదివాడు. బాబ్ లెమన్ మేనేజర్‌గా వచ్చాడు, ఒక దశలో పట్టికలో 14 ఆటలు వెనకబడ్డ జట్టు బోస్టన్‌ని దాటి మళ్లీ వరల్డ్ సిరీస్ గెలిచింది. మార్టిన్‌ని ఆ యజమానే ఇంకో నాలుగుసార్లు మేనేజర్‌గా పిలిచాడు. చూశావా, గొడవలో మూడో మనిషి ఒకడు మొదటి నుంచీ ఉన్నాడు. నీ వ్యాసంలో స్టైన్‌బ్రెన్నర్ పేరు కనబడేది రెండేచోట్ల.

మళ్లీ రాసేటప్పుడు తీర్పుతో, ఆ డిసెంబర్ రోజుతో మొదలుపెట్టి చూడు. పాఠకుడు పారిపోతాడని భయపడితే ఫెన్‌వేని ముందు పెట్టి, బ్లెయిర్ రైట్ ఫీల్డ్ చేరే లోపల ఆపేసి వెనక్కి వెళ్లు. బ్లెయిర్ గురించి రెండు వాక్యాలైనా ఉండాలి. అద్భుతమైన ఫీల్డర్, అంతకుముందు ఏడాది బాల్టిమోర్‌లో జాక్సన్‌తో కలిసి ఆడినవాడు. ఆ రోజు మేనేజర్ నిర్ణయాన్ని మోసుకెళ్లింది అతనే.

నిడివి గురించి సంపాదకుడు ఏమన్నా ఇప్పుడు పట్టించుకోకు. మున్సన్ పేజీలు, చాపెల్ పేరా, డగౌట్ సంభాషణ పోతే నీకు కావలసినంత చోటు దొరుకుతుంది. దసరా లోపు పంపగలిగితే చదివి పెడతాను, ఆ తర్వాత ఊళ్లో ఉండను.

ఉంటాను,
అన్నయ్య