బంగారు స్టిక్కరు కింద

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అవార్డు పుస్తకాలు పది, ఒక్కోదానికి నాలుగేసి వాక్యాలు. కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది. ఒక పని చేసి చూడు. ఐదో పుస్తకం గురించి రాసిన నాలుగు వాక్యాలూ తీసి ఎనిమిదోదాని కింద పెట్టు. నేను పెట్టి చూశాను, చక్కగా అతికిపోయాయి. "మానవ సంబంధాల లోతుల్ని హృద్యంగా ఆవిష్కరించిన అద్భుత రచన" అనే మాట ఏ నవలకి నప్పదు చెప్పు?

ముందు దిద్దాల్సినవి చెప్పేస్తాను. 'ది వెజిటేరియన్'ని నోబెల్ గెలిచిన నవల అన్నావు. సాహిత్యంలో నోబెల్ సాధారణంగా రచయిత మొత్తం కృషికి ఇస్తారు. 2024లో అది ఆ నవల రాసిన కొరియన్ రచయిత్రి హాన్ కాంగ్‌కి వచ్చింది. ఆ నవలకి వచ్చింది 2016 ఇంటర్నేషనల్ బుకర్, ఇంగ్లీషులోకి వచ్చిన అనువాదాలకిచ్చే బహుమతి, అందులోనూ సగం అనువాదకురాలు డెబొరా స్మిత్‌ది. అదే బహుమతి గెలిచిన కన్నడ కథల పుస్తకం 'హార్ట్ ల్యాంప్' దగ్గర ఇంకో పొరపాటు. రచయిత్రి బానూ ముష్తాక్ పేరొక్కటే రాసి ఊరుకున్నావు. అనువాదకురాలు దీపా భాస్తి ఏమైపోయింది? ఆ బహుమతి 50,000 పౌండ్లూ రచయితకీ అనువాదకులకీ చెరిసగం పంచుతారు. నువ్వు ఇంగ్లీషులో చదివి మురిసిపోయిన ప్రతి మాటా ఆవిడ ఏరుకున్నది. ఇకనుంచి అనువాదం గురించి రాస్తే రెండు పేర్లూ పక్కపక్కనే ఉండాలి.

'ఈ ఏటి పుస్తకాలు' అన్న నీ శీర్షికతోనూ కాస్త పేచీ ఉంది. 'హార్ట్ ల్యాంప్' గెలిచింది 2025లో, కానీ అందులోని 12 కథలు 1990 నుంచి 2023 దాకా రాసినవి. కేంద్ర సాహిత్య అకాడమీ 2023 అవార్డుకి 2017 నుంచి 2021 మధ్య తొలిసారి అచ్చయిన పుస్తకాల్ని చూశారు. కాబట్టి రాసిన ఏడు, అచ్చయిన ఏడు, బహుమతి వచ్చిన ఏడు వేరువేరుగా ఉండొచ్చు. ఏది ఏదో ఒక్క ముక్కలో చెప్పేస్తే పాఠకుడు తికమకపడడు.

ఇక అసలు సంగతి. ప్రతి పుస్తకానికీ నువ్వు చూపించిన సాక్ష్యం ఒక్కటే: అట్ట మీద బంగారు స్టిక్కరు, అంటే బహుమతి వచ్చింది. ఆ బహుమతి ఎలా వస్తుందో కాస్త దగ్గరికెళ్లి చూడు. ఇంగ్లీషు నవలలకిచ్చే బుకర్‌కి 2024లో 156 పుస్తకాలు పరిశీలనకొచ్చాయి. ఐదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుని వాటిని 13 చేశారు, తర్వాత 6, ఆఖరికి ఒకటి. ఆ ఐదుగురి చోట ఇంకో ఐదుగురుంటే? 2019లో ఇద్దరికి ఇవ్వకూడదన్న నియమం ఉండగానే న్యాయనిర్ణేతలు మార్గరెట్ ఆట్‌వుడ్‌కీ బెర్నర్డీన్ ఎవరిస్టోకీ కలిపి ఇచ్చారు. అమెరికా వాళ్ల పులిట్జర్ సంగతి ఇంకా తమాషా, అక్కడ జ్యూరీ పేర్లు పంపుతుంది, బోర్డు తేలుస్తుంది. 2012లో జ్యూరీ మూడు నవలలు పంపితే బోర్డులో దేనికీ మెజారిటీ కుదరలేదు, ఆ ఏడు నవలకి బహుమతే లేదు. 2025లో జ్యూరీ చూపిన మూడూ పక్కనపెట్టి బోర్డు పర్సివల్ ఎవరెట్ 'జేమ్స్'కి ఇచ్చింది. అది మంచి నవలే, నాకూ నచ్చింది. కానీ ఆ మూడూ ఏమిటని నీ వ్యాసం చదివినవాళ్లెవరైనా అడిగితే నీ దగ్గర జవాబుందా? అవార్డుల జాబితా అందరికీ దొరుకుతుంది. దాని పక్కన మిగిలిపోయినవాటి గురించి చెప్పేవాళ్లే తక్కువ.

సమంతా హార్వీ 'ఆర్బిటల్' గురించి "అంతరిక్షం నేపథ్యంలో ఉత్కంఠభరితంగా సాగే బుకర్ నవల" అని రాశావు. ఉత్కంఠ ఎక్కడుందమ్మా అందులో? ఆరుగురు వ్యోమగాములు, ఒకే ఒక్క రోజు, భూమి చుట్టూ 16 చుట్లు. కిందికి చూస్తుంటారు, ఒక తుఫాను పెద్దదవుతుంటుంది, ఒకావిడ తల్లి పోయిందని కబురొస్తుంది, వెళ్లడానికి లేదు. అంతే. నీ మాట నమ్మి సాహసకథ అనుకుని కొన్నవాడు ఇరవయ్యో పేజీలో తిట్టుకుంటాడు. అదే "కథ పెద్దగా జరగదు, 136 పేజీలే, కవిత్వంలా కొంచెం కొంచెం చదువుకునేవాళ్లకి" అని రాసి ఉంటే? కొనేవాళ్లు సగమైపోవచ్చు. ఆ సగం మంది మాత్రం నువ్వు తర్వాత ఏం చెబుతావా అని చూస్తారు.

ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. పాతికేళ్ల కిందట ఏడాది చివర ఇలాంటి వ్యాసమే రాస్తూ, సగం చదివి వదిలేసిన ఒక బహుమతి నవలని "అలా చదివించుకుంటూ పోతుంది" అనేశాను. అట్ట వెనక మాటే తెలుగులో దించాను. నెల తర్వాత ఒక పెద్దాయన కార్డు రాశారు. "తమరు సెలవిచ్చారని కొన్నాను. రెండో భాగంలో కొటేషన్ గుర్తులుండవు, పేరాలు విడవవు, ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు. నా కళ్లకి ఓపిక లేదు. తమకి ఎలా చదివించిందో చెబితే అలాగే ప్రయత్నిస్తాను." వెటకారం లేదు, నిజంగానే అడిగారు. రెండో భాగం నేను తెరిచిందే లేదు. ఆ కార్డుకి ఇప్పటికీ జవాబు రాయలేదు.

అందుకని పదింట్లో నువ్వు ఆఖరి పేజీ దాకా చదివినవి ఎన్నో నిజం చెప్పు. నాలుగైతే నాలుగే ఉంచు. పత్రికల ఏడాది చివరి జాబితాల్లోంచి తెచ్చిపెట్టినవి తీసెయ్యి, ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నీకు నచ్చని బహుమతి పుస్తకం ఒకటుంటే అదీ పెట్టు, ఎందుకు నచ్చలేదో రాయి. అక్షరాల సైజు చిన్నదైతే చెప్పు. చావులూ హింసా ఉంటే చెప్పు, మలుపులు మాత్రం బయటపెట్టకు.

ఇంకొకటి. తొమ్మిదో పుస్తకం పక్కన మార్జిన్లో పెన్సిలుతో "మధ్యలో వంద పేజీలు నీరసం, అయినా వదల్లేకపోయాను" అని రాసి, మళ్లీ కొట్టేశావు. వెలుతుర్లో పట్టుకుంటే కనిపించింది. ఎందుకు కొట్టేశావు? వ్యాసం మొత్తంలో నేను నమ్మిన వాక్యం అదే. ఎందుకు వదల్లేకపోయావో రాసి పంపు, ఈలోగా ఆ పుస్తకం నేనూ సంపాదిస్తాను.