సీజేడీతో పోయిన మనిషికి సేవ చేస్తే మనకూ అంటుతుందా?

ప్రొద్దుటూరు అన్న అడిగింది క్లుప్తంగా ఇదీ: అత్తమ్మ ఐదు నెలల్లోనే మతి తప్పి, నడక పోయి, మంచంలోనే కన్నుమూసింది. బెంగళూరులో సీజేడీ (క్రాయిట్స్‌ఫెల్ట్-జాకబ్ డిసీజ్, మెదడును పాడుచేసే అరుదైన జబ్బు) అని రాసిచ్చారు. ఉమ్మి, మలమూత్రాలు ఈయనే ఎత్తినాడు, ఆమె వదిలేసిన సంగటి తిన్నాడు, షుగర్ చూసే సూది ఒకసారి వేలికి దిగింది. మరగబెట్టినా చావదంట, పరుపు, గిన్నెలు కాల్చేయాలా అంటున్నాడు. ఇప్పుడేమో పేర్లు గుర్తురావడం లేదు, కంటిరెప్ప అదురుతోంది.

అన్నా, ముందు సంగటి సంగతి. ఈ జబ్బు తెచ్చేది సూక్ష్మజీవి కాదు, వంకరగా మడతపడిన ప్రోటీను. ప్రయాన్ అంటారు. అది పేరుకునేది మెదడు, వెన్నుపాము, కంటి వెనుక భాగంలో. ఎంగిలి, చెమట, మలమూత్రాల వల్ల సీజేడీ ఇంకొకరికి వచ్చిన దాఖలా లేదు, ఒకే మంచం మీద పడుకున్న భార్యాభర్తల్లో కూడా. అంటుకున్న దారులు వేరే: 1985 దాకా చాలా దేశాల్లో వాడిన, శవాల పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన గ్రోత్ హార్మోన్, శవాల మెదడు పొరతో వేసిన అతుకులు, రోగి మెదడులో వాడిన పరికరాలనే ఇంకొకరికి వాడటం. 'ముప్పై ఏళ్లకైనా బయటపడుతుంది' అని చదివి ఉంటారు, అది ఇట్లాంటి వాళ్ల మాట.

సూది విషయంలో మీరు తప్పు జబ్బుకు భయపడుతున్నారు. రక్తమార్పిడితో వచ్చింది బ్రిటన్‌లో పిచ్చి ఆవు జబ్బు నుంచి పుట్టిన వేరియంట్ సీజేడీ, అది వేరే రకం. ఫ్రాన్స్‌లో 2010లో చేతికి గాయమై 2019లో చనిపోయిన ల్యాబ్ ఉద్యోగికి తగిలింది కూడా ఆ ప్రయాన్ నిండిన ఎలుక మెదడు. మీకు గుచ్చుకున్న సూదికి చూసుకోవాల్సింది హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ. ఆ మూడు పరీక్షలు చేయించుకోండి. ఇకపై ఎవరికి గుచ్చుకున్నా సబ్బుతో, పారే నీళ్ల కింద కడగాలి. పిండి రక్తం తీయొద్దు, గీకి రుద్దొద్దు. హెచ్ఐవీ మందు అవసరమైతే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి.

మరగబెట్టినా చావదన్నది నిజమే. స్పిరిట్‌కూ లొంగదు, ఫార్మలిన్‌లో వేస్తే ఇంకా గట్టిపడుతుంది. అందుకే మెదడు ఆపరేషన్ పరికరాలను పారేస్తారు. తప్పనిసరై మళ్లీ వాడాలంటే, లీటరు నీళ్లకు 40 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి గంట నానబెట్టి, కడిగి, మళ్లీ గంట ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన వేడి ఆవిరిలో శుద్ధి) చేస్తారు. తడి ఆరనిస్తే ప్రోటీను స్టీలుకు అతుక్కుపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా కష్టం. ఇదంతా ఆపరేషన్ థియేటర్ గొడవ. ఇంట్లో కాస్టిక్ సోడా కలిపి చేతులు కాల్చుకోవద్దు. గిన్నెలకు సబ్బు, దుప్పట్లకు మామూలు ఉతుకుడు చాలు, పరుపు ఎండలో వేసి వాడుకోండి.

మీరు అడగనిది ఒకటుంది, అసలు అడగాల్సింది అదే. వంద సీజేడీ కేసుల్లో పది పదిహేను జన్యువు వల్ల వస్తాయి. పీఆర్ఎన్‌పీ అనే జన్యువులో మార్పు తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. అత్తగారంటే రక్తసంబంధం లేదని బయటి డాక్టరు అనుకోవచ్చు, కానీ మన కడప వైపు మేనరికాల్లో అత్తమ్మ సొంత మేనత్తే అయ్యుంటుంది, ఒక్కోసారి తోడబుట్టిన అక్కే. అట్లైతే ప్రశ్న మీ భార్యదీ, మీదీ కూడా. డిశ్చార్జ్ సమ్మరీలో జన్యు పరీక్ష ఫలితం రాశారేమో చూడండి. లేకపోతే ఆమె రక్తం నమూనా దాచి ఉందా అని ఆ ఆసుపత్రిలోనే అడగండి. ఆమె నమూనాలో మార్పు దొరికితేనే బతికున్నవాళ్ల పరీక్ష గురించి ఆలోచించాలి. అదీ జన్యు సలహా ఇచ్చే డాక్టరుతో మాట్లాడాకే. ఏ మందూ లేని జబ్బు ముందే తెలిసి ఏం చేస్తారో ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. బీమా తీసుకోవాలనుకుంటే పరీక్షకు ముందే ఆలోచించండి.

ఆదివారం తినే మేక మెదడు వేపుడు గురించి ఇంకెవరో కింద అడిగారు. గొర్రెలు, మేకల్లో వచ్చే ప్రయాన్ జబ్బు స్క్రేపీ యూరప్‌లో 18వ శతాబ్దం నుంచే తెలుసు, దానివల్ల మనిషికి జబ్బు వచ్చిన రుజువు లేదు. తినండి, కొవ్వు సంగతి మాత్రం గుండె డాక్టరును అడగండి.

ఇక మీ మరుపు. సీజేడీలో వారాల్లోనే నడక తూలుతుంది, చిన్న చప్పుడుకు కాళ్లు చేతులు ఎగిరిపడతాయి, మతిమరుపును రోగికన్నా ఎక్కువగా ఇంట్లోవాళ్లే ముందు పట్టుకుంటారు. రెప్ప అదరడం నిద్రలేమికీ, టీకీ మామూలే. నెలల తరబడి రాత్రి కాపలా కాశారు కాబట్టి బీ12, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. 'అంటిందా లేదా' తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు, దానికోసం ఎంఆర్ఐ తీయిస్తామనేవాళ్లకు డబ్బు కట్టొద్దు.