తండా జనాభా రెవెన్యూ గ్రామం లెక్కలోనే

తెలంగాణలో మీ తండా 2018లో గ్రామ పంచాయతీ అయింది, అయినా 2011 జనగణన జాబితాలో పేరే లేదు, మరి జనాభా ఎలా తెలుసుకోవాలని అడిగారు కదండీ. జనగణనకు పల్లెల్లో లెక్క రెవెన్యూ గ్రామమే (భూమి రికార్డుల్లో ఉండే ఊరు), పంచాయతీ కాదు. శివారు పల్లెలు, తండాలు అన్నీ ఆ గ్రామం పేరిటే కలిసిపోతాయి. కాబట్టి తండా పేరుతో వెతికితే ఎంతసేపైనా దొరకదు.

మీ భూమి పాసుపుస్తకంలో రెవెన్యూ గ్రామం పేరు చూడండి. జనగణన వెబ్‌సైటులో జిల్లా జనగణన పుస్తకం దించుకుని ఆ పేరు పట్టుకోండి. మీ మండలం 2011 నాటి పాత జిల్లాలో ఉంటుంది, అది మరవకండి. అక్కడ ఎస్టీ జనాభా గడి మీకు పనికొస్తుంది. ఆ రెవెన్యూ గ్రామంలో ఎస్టీలు ఉన్నది మీ తండాలోనే అయితే, ఆ అంకె దాదాపు మీ 2011 జనాభాయే. రెండు మూడు తండాలుంటే మాత్రం ఈ ఉపాయం పారదు.

ఓటర్ల జాబితాతో లెక్క కట్టమని కొందరు చెబుతారు. అందులో పద్దెనిమిదేళ్లలోపు పిల్లలే ఉండరు, అదేం జనాభా! దానికంటే పంచాయతీ కార్యదర్శిని అడగడం మేలు. వార్డులు విభజించడానికి వాడిన జనాభా అంకె ఆయన దగ్గర ఉండాలి.