నీటిలోని విషాన్ని మెరుపుతో పట్టుకోవచ్చా?

ప్రశ్న: 2020 డిసెంబరులో మా ఊళ్లో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, నమూనాలను హైదరాబాదుకు, ఢిల్లీకి పంపి ఫలితాల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. విషం తగిలితే మెరిసే రసాయనాలతో పనిచేసే చేతి పరికరాలు వస్తున్నాయని చదివాను. వాటితో అక్కడికక్కడే తేలిపోతుందా? మా బోరు నీటిని పరీక్షించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఏ విషం కోసం వెతుకుతున్నామో ముందే తెలిస్తే ఇవి బాగా ఉపయోగపడతాయి. ఏలూరులో అసలు చిక్కు అది తెలియకపోవడమే: రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది, పురుగుమందులపైనా అనుమానాలు వచ్చాయి.

ఈ పరికరాల్లో సాధారణంగా ఒక్కో విషానికి ఒక్కో రసాయనం ఉంటుంది. ఉదాహరణకు, పాదరసం కోసం రోడమీన్ అనే రంగు అణువును వలయం మూసుకుని మెరవకుండా ఉండేలా తయారుచేస్తారు. పాదరసం అయాను వచ్చి తగిలితే ఆ వలయం తెరుచుకుని, ఆకుపచ్చ కాంతి పడగానే నారింజ రంగులో మెరుస్తుంది, ఆ మెరుపును ఫోను కెమెరా కొలుస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులకు మరో పద్ధతి ఉంది: అవి ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకోవడం వల్ల మెరుపులో వచ్చే మార్పును చూస్తారు. అయితే ఆ కుటుంబంలోని మందేదో ఉందని తెలుస్తుందే గాని, ఏ మందో తెలియదు.

మెరుపు తగ్గడాన్ని బట్టి విషం ఉందని చెప్పే పరికరాలను నేనైతే అంత సులభంగా నమ్మను, ఎందుకంటే బోరు నీటిలోని ఇనుము, రాగి, చివరికి బురద కూడా మెరుపును తగ్గించగలవు. కాలువ నీటిలోనైతే ఆకులు అలములు కుళ్లి కరిగిన పదార్థాలు అతినీలలోహిత కాంతిలో తామే నీలంగా మెరిసి లెక్క తప్పిస్తాయి.

కొనేముందు అడగవలసింది, అది ఎంత తక్కువ మోతాదును గుర్తించగలదన్నది. తాగునీటిలో లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాము, పాదరసం 0.001 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణం. అంతకన్నా ఎక్కువ ఉంటేనే స్పందించే పరికరం "ఏమీ లేదు" అన్నంత మాత్రాన నీరు మంచిదని కాదు.

కాలనీలో యాభై బోర్లుంటే వాటిలో ముందుగా ప్రయోగశాలకు పంపవలసినవి ఏవో ఏరడానికి ఇవి అక్కరకొస్తాయి. మీ ఒక్క బోరుకైతే నేరుగా ప్రయోగశాలకే ఇవ్వండి: లోహాల పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో, పురుగుమందుల పరీక్షకు ముదురు రంగు గాజు సీసాలో.