తెలిసినవాళ్లకు పెళ్లి పని అప్పగించేముందు

కావలి

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు "భోజనాలు, డెకరేషన్ రెండూ నా క్లాస్‌మేట్‌కే ఇద్దామనుకుంటున్నా పెద్దమ్మా, మనవాడే, డబ్బుల సంగతి తర్వాత చూద్దాంలే అన్నాడు" అని సంతోషంగా చెప్పావు. "మంచిది నాయనా" అని పెట్టేశాను గానీ నాకు నిద్ర పట్టలేదు. మీ నాన్న ఉంటే ఈ మాటలు ఆయనే చెప్పేవారు. ఇప్పుడు చెల్లెలి పెళ్లి బరువంతా నీ మీదే ఉంది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. తీరిగ్గా రెండుసార్లు చదువు.

మీ అక్క పెళ్లి నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నువ్వు ఇంటర్ చదువుతున్నావు, వంటగది వైపు ఏం జరిగిందో నీకు తెలియదు. మా ఎదురింటి అబ్బాయి అప్పుడప్పుడే క్యాటరింగ్ మొదలుపెట్టాడు. నా కళ్ల ముందు పెరిగిన పిల్లవాడు. వాళ్లమ్మా నేనూ ఏళ్ల తరబడి ఒకరింటి కూర ఒకరింటికి పంపుకున్నవాళ్లం. బారసాలలకీ పుట్టినరోజులకీ అతను చేసిన వంట నిజంగా బాగుండేది. ఆ నమ్మకంతో ఆరువందల మంది పెళ్లి భోజనం అతని చేతిలో పెట్టాం. ఎంతమందికి, ఏమేం వండాలి, ఎంతివ్వాలి అన్నది ఏదీ కాగితం మీద పెట్టలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని మీ పెదనాన్న అడగలేదు. నేనూ అడగలేదు.

మూడో బంతికి అన్నం అయిపోయింది. మగపెళ్లివారి వైపు పెద్దాయన ఒకరు ఆకు మీద నీళ్లు చల్లుకొని కూర్చున్నారు. పప్పు వచ్చింది, బెండకాయ వేపుడు వచ్చింది, అప్పడం వచ్చింది. అన్నం రాలేదు. వడ్డించే కుర్రాడు బేసిన్ అడుగున గరిటె పెట్టి గీకుతున్న చప్పుడు గుమ్మం దగ్గరున్న నాకు వినపడింది. ఆ పెద్దాయన ఒక్క మాటా అనలేదు. ఆకు ఆరిపోతే ఖాళీగా ఉన్న చోట మళ్లీ కాసిని నీళ్లు చల్లుకున్నారు. ఆయన రెండోసారి నీళ్లు చల్లుకోవడం నాకు ఇప్పటికీ కళ్లలోనే ఉంది. వంటగదిలోకి పరిగెత్తితే అక్కడ పెద్ద వంటమాస్టర్ లేడు. ఎదురింటి అబ్బాయి అదే ముహూర్తానికి సింగరాయకొండలో ఇంకో పెళ్లి ఒప్పుకొని, ఆ మాస్టర్‌ని అక్కడికి పంపించాడు. మాకు మిగిలింది ఒక అసిస్టెంటు, ఇద్దరు కుర్రాళ్లు. గట్టిగా అడుగుదామని ఇవతలికి వచ్చేసరికి వాళ్లమ్మ కొత్త చీర కట్టుకొని రెండో వరసలో కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. నా నోరు పెగల్లేదు. మీ పెదనాన్న బస్టాండు దగ్గర హోటల్‌కి పోయి సాంబారన్నం, పెరుగన్నం గిన్నెలతో పట్టించుకొచ్చేదాకా ఆ బంతి వాళ్లు ముప్పావుగంట ఆకుల ముందే కూర్చున్నారు.

ఇదంతా చెప్పేది ఆ పిల్లవాడు చెడ్డవాడని కాదు. ఎందుకలా చేశాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. సింగరాయకొండ వాళ్లు పరాయివాళ్లు. తేడా వస్తే నిలదీస్తారు, డబ్బు ఆపేస్తారు. మేమైతే సర్దుకుంటాం. అందుకే మంచి మాస్టర్ అక్కడికి పోయాడు, మాకు మిగిలినవాళ్లు వచ్చారు. తెలిసినవాళ్లమని మనల్ని ఒక మెట్టు ఎక్కువ చూసుకుంటారని మనం అనుకుంటాం. పని ఒత్తిడి వచ్చిన రోజు మనమే వెనక్కి పోతాం. ఎవరి దగ్గర మాట పడాల్సి వస్తుందో వాళ్ల పనే ముందు చూస్తారు కదా.

ఇంకోటి కూడా అర్థం చేసుకో. చిన్న క్యాటరింగ్ అంటే సొంత మనుషులు ముగ్గురో నలుగురో ఉంటారు. వడ్డించేవాళ్లు, కూరగాయలు తరిగేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు అందరూ ఆ రోజుకి కూలికి వచ్చేవాళ్లే. మూఢం వెళ్లాక వచ్చే మొదటి ముహూర్తాలకీ, మాఘమాసంలో మంచి ముహూర్తాలకీ ఊళ్లో ప్రతి మండపంలో పెళ్లే ఉంటుంది. ఆ రోజు కూలి మనుషులు దొరకరు, సప్లయర్స్ షాపులో గుండిగలు కూడా దొరకవు. కాబట్టి నీ స్నేహితుణ్ని ముందు అడగాల్సింది రేటు కాదు. "ఆ రోజు ఇంకెన్ని ఆర్డర్లు ఒప్పుకున్నావు? మా మండపంలో పొద్దున నుంచి ఆఖరి బంతి దాకా ఎవరు నిలబడతారు?" అని అడుగు. "నేనే ఉంటా" అంటే సంతోషం. "మావాళ్లు చూసుకుంటారు" అంటే ఆ మనిషిని ముందే పిలిపించి మాట్లాడు.

తర్వాత, అతను ఇంతకుముందు ఎంతమందికి వండాడో కనుక్కో. నూటయాభై మందికి బాగా వండినవాడు ఆరువందల మందికి కూడా వండగలడని నేను అనుకున్నాను. అది వేరే పని నాయనా. అన్నం పెద్ద గుండిగల్లో విడతలు విడతలుగా వార్చుకుంటూ, బంతికీ బంతికీ మధ్య లెక్క చూసుకుంటూ పోవాలి. నిన్ను అతనికి పని ఇవ్వొద్దని నేను అనను. చిన్న వ్యాపారం పెట్టుకున్న మనవాళ్లకి మనం కాకపోతే ఎవరిస్తారు? కానీ నువ్వు మొహమాటం లేకుండా అడగగలిగినంత పనే ఇవ్వు. నిశ్చితార్థానికి వచ్చే వందమంది భోజనం ఇవ్వు, పెళ్లికి పొద్దుటి టిఫిన్లు ఇవ్వు. పూర్తి రేటు ఇవ్వు, స్నేహం పేరు చెప్పి తగ్గించమని అడగకు. తగ్గించి ఇచ్చినవాడు ఆ తగ్గింపుని ఎక్కడో ఒకచోట, బియ్యంలోనో నూనెలోనో మనుషుల్లోనో పూడ్చుకుంటాడు.

"డబ్బుల సంగతి తర్వాత చూద్దాం" అన్న మాట నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ మాట ఎవరన్నా అంటే అక్కడికక్కడే "లేదు, ఇప్పుడే అనుకుందాం" అను. కాగితం రాసుకుందాం అంటే అతను నొచ్చుకుంటాడని నీకు ఇబ్బందిగా ఉంటే నేను ఇప్పుడు చేసే పద్ధతి చెప్తాను. మాట్లాడుకుని ఇంటికి వచ్చాక వాట్సాప్‌లో మెసేజ్ పెట్టు: "మనం అనుకున్నవి ఇవీ, నేను ఏదన్నా మర్చిపోయుంటే చెప్పు." అందులో తేదీ, మండపం, ఎంతమంది, ఆకుకి ఎంత, ఏయే వంటలు, వడ్డించేవాళ్లు ఎందరు, నీళ్ల సీసాలు ఎవరివి, గ్యాస్ ఎవరిది, గిన్నెల అద్దె ఎవరిది అన్నీ ఉండాలి. బియ్యం పాతవని కూడా రాయి. కొత్త బియ్యం ముద్ద అయిపోతాయి, పాత బియ్యం ఒదుగుతాయి. అతను "ఓకే రా" అని ఒక్క ముక్క పెడితే చాలు. డబ్బు చేతికివ్వకుండా ఫోన్‌పేలోనే పంపు. పావు వంతు అడ్వాన్స్, సరుకు మండపానికి దిగాక సగం, మిగతాది భోజనాలయ్యాక ఆకులు లెక్కపెట్టుకుని.

ఆకుల లెక్క దగ్గర మేం బాగా దెబ్బతిన్నాం. పెళ్లివాళ్లు ఎప్పుడూ ఎక్కువ చెప్తారని క్యాటరింగ్ వాళ్లు తగ్గించి వండుతారు. వాళ్లు తగ్గించి వండుతారని పెళ్లివాళ్లు పెంచి చెప్తారు. మేం నిజంగానే ఆరువందలు చెప్పాం, అతను నాలుగువందల యాభైకి వండాడు. డబ్బు ఆరువందలకీ తీసుకున్నాడు. ఎన్ని ఆకులు లేచాయో మా దగ్గర లెక్క లేదు. నువ్వు అరటాకులు మనమే కొని, వందేసి కట్టలు కట్టించి, మీ బాబాయి చేతిలో పెట్టు. ఆయన దగ్గర నుంచి కట్ట బయటికి పోతేనే బంతి వేయాలి. సాయంత్రం మిగిలిన ఆకులు తీసేస్తే లెక్క అదే తేలుతుంది, ఇద్దరికీ గొడవ ఉండదు. అన్నం మటుకు కిలో బియ్యానికి ఎనిమిది నుంచి పదిమంది అని మా ఇంట్లో పెద్దవాళ్ల లెక్క. వంటకి ముందు బియ్యం బస్తాలు నువ్వే నిలబడి చూడు.

మీ ముహూర్తం కార్తీకంలో కదా. మన నెల్లూరుకి అసలు వానలు ఆ రోజుల్లోనే. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కోసుకుపోయిన సంగతి నువ్వూ చూశావు. అంత రాకపోయినా ఒక్క తుపాను వాన చాలు. షామియానా గుడ్డ వానకి ఆగదు. వంట చేసే చోట రేకుల కప్పు ఉందో లేదో చూసుకో. వాన పడితే డెకరేషన్ పూలు ఎక్కడ పెడతారు, కరెంటు పోతే జనరేటర్‌కి డీజిల్ ఎవరు పోయించాలి అనేవి కూడా ఆ మెసేజ్‌లోనే రాయి. ఫొటోగ్రాఫర్‌కి ఆల్బమ్ చేతికొచ్చేదాకా కొంత ఆపు. జాకెట్లు కుట్టే అమ్మాయికి ముందు ఒకటే ఇచ్చి కుట్టు చూసుకోమని మీ అమ్మకి చెప్పు.

ఇంత చేసినా తేడా రావచ్చు. ఆ రోజు అందరిలో అరవకు. అతన్ని పక్కకి పిలిచి ఇప్పుడు ఏం చేద్దామో అడుగు, పని జరిపించుకో. ఒక మనిషికి పదివేలు ఇచ్చి, ఏదన్నా తగ్గితే హోటల్ నుంచి తెప్పించడానికి సిద్ధంగా ఉంచు. పరాయివాళ్లు మోసం చేస్తే దారి ఉంది. వినియోగదారుల కమిషన్ నెల్లూరులోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. రెండేళ్లలోపు ఫిర్యాదు చెయ్యాలి, మనం కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అడగొచ్చు. వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌పే లెక్కలు అక్కడ పనికొస్తాయి. స్నేహితుడి మీద నువ్వు అంత దూరం పోవు, నాకు తెలుసు. అతనితో నువ్వు మాట్లాడాల్సిందే.

నేను చేసిన తప్పు అక్కడుంది. పెళ్లయిన మూడో రోజు అతను వచ్చి మిగతా డబ్బు అడిగితే మారు మాట లేకుండా ఇచ్చేశాను. తర్వాత వీధిలో నలుగురికి చెప్పాను. అతనికి మాత్రం చెప్పలేదు. ఏడాది తర్వాత గుమ్మం ముందు నిలబడి "పెద్దమ్మా, మీరు చెప్పి నాకు రెండు ఆర్డర్లు పోయాయంట. ఆ రోజే నన్ను తిట్టుంటే డబ్బు తగ్గించుకునేవాణ్ని కదా" అన్నాడు. కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. అతను చెప్పింది నిజమే. వాళ్లమ్మకీ నాకూ మాటలు అప్పటికే పోయాయి, మళ్లీ ముందరిలా కలవలేదు. అందుకని పదహారు రోజుల పండగ అయ్యాక నీ స్నేహితుణ్ని ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, ఏది బాగుందో ఏది బాగాలేదో అతనికే చెప్పు. తగ్గించాల్సింది ఉంటే అప్పుడే తగ్గించి ఇవ్వు. బాగా చేసి ఉంటే ఆ మాట నలుగురిలో చెప్పు, అతనికి అది డబ్బుకన్నా ఎక్కువ.

ఆదివారం పొద్దున బస్సుకి నేను నెల్లూరు వస్తున్నాను. మీ అమ్మకి ఏమీ చెప్పకు, అనవసరంగా టెన్షన్ పడుతుంది. నీ స్నేహితుణ్ని పదిగంటలకి మండపం దగ్గరికి రమ్మను. వంటగది, నీళ్ల ట్యాంకు, ఆకులు పెట్టే గది ముగ్గురం కలిసి చూద్దాం. ఆ పిల్లవాడితో నేను ప్రేమగానే మాట్లాడతాను, నువ్వు భయపడకు.

మీ పెద్దమ్మ