మూడో రాత్రి వాడిని ఒంటరిగా వదలకు

అమ్మలూ,

తమ్ముడిని గాజువాక నుంచి తెచ్చుకుని మందు మాన్పిస్తానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ ధైర్యానికి కడుపు నిండింది. "గదిలో పెట్టి తాళం వేస్తుందట" అనేసరికి మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు.

1994లో నేనూ అదే చేశాను. మీ పెదనాన్న చేత సింహాద్రి అప్పన్న మీద ఒట్టు వేయించి, ఇంటికొచ్చి సీసాలు పారబోసి గడియ పెట్టాను. మర్నాటికి వణుకు, చెమటలు, వాంతులు. "మగాడివి, ఓర్చుకో" అన్నాను. రెండో రోజు ఫిట్స్ వచ్చింది. చేతిలో తాళాలు పెట్టాను, నోట్లో చెంచా దూర్చాను. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని తర్వాత తెలిసింది. మూడో రాత్రి గోడల మీద పాములన్నారు. నన్ను చూసి "ఎవరు నువ్వు" అన్నారు. గాలి సోకిందనుకుని తెల్లవార్లూ విబూది రాస్తూ కూర్చున్నాను. తెల్లారాక విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్తే డాక్టరుగారు చెప్పారు: రోజూ మందు పడే మెదడు ఆ మత్తుకు ఎదురీదడం నేర్చుకుంటుందట, మందు ఒక్కసారి ఆగిపోతే ఆ ఊపు అదుపు తప్పి ప్రాణం మీదికి వస్తుందట. వైద్యం చేతికి అందేంత దూరంలో ఉండి ఒక రాత్రంతా పోగొట్టానమ్మా.

ముందు డాక్టరుకు చూపించు. కేజీహెచ్ గానీ, చినవాల్తేరు మెంటల్ కేర్ ఆసుపత్రి గానీ. వాడు ఎంత తాగుతాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో దాచకుండా చెప్పు. వణుకు తగ్గే మాత్రలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు వేస్తారు. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటివి తర్వాత. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఎవరైనా చెబితే వాడికి తెలియకుండా అన్నంలో కలపొద్దు. దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రమాదం. సందేహమొస్తే తాగుడు మాన్పించే సర్కారు హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చెయ్యి.

ఎనిమిది నెలలు బాగున్నాక పెదనాన్న మళ్లీ తాగారు. ఒట్టు తప్పాడని పదకొండు రోజులు మాట్లాడలేదు నేను. షుగరు జబ్బున్నవాడికి మళ్లీ షుగరు పెరిగితే అలా ఉంటామా? ఇదీ అలాంటి జబ్బేనమ్మా. వాడు జారితే తిట్టకు, మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లు.

చేర్చే రోజు చెప్పు. మూడో రాత్రి నేనొచ్చి వాడి పక్కన కూర్చుంటాను, నువ్వు కాసేపు పడుకుందువుగాని.

మీ పెద్దమ్మ